మిరపనారు పెంపకము: నారుమడిలో చావును నివారించు విధము

మిరప పండించు రైతు తన లాభనష్టములను చేనిలోను, కల్లములోను, బజారులోను లెక్కించుచుండును. నారుమడిని లెక్కలోనికి తెచ్చుట అరుదు. ఏలయనగా అది సెంటో రెండు సెంట్లో గల చిన్న జాగా. దాని పని ఆరు వారములలో ముగియును. విత్తిన దానిలో సగము చచ్చినను మిగిలిన నారుతో చేను నింపుకొనవచ్చునని పలువురు ధైర్యముగా నుందురు. ఈ ధైర్యము ప్రతి సంవత్సరము నిలుచునది కాదు.

జూన్ నెల చివర విత్తిన మడి జూలై నడుమ వానలకు కుళ్ళి పడిపోయినదనుకొందము. రైతు ఆ దినముననే తిరిగి విత్తినను, రెండవ నారు ఆగస్టు చివరకు గాని నాటుటకు రాదు. చేను మూడు వారములు వెనుకబడును. వర్షాధారపు నల్లరేగడిలో ఆ మూడు వారముల వాన మరల రాదు. సంకర రకమైన యెడల ఎకరమునకు వేల రూపాయల విత్తనము మరల కొనవలసివచ్చును. అది చేయలేని రైతు ఎవరి మడిలోనో మిగిలిన నారును, రకమేదో రోగమేదో తెలియకయే తెచ్చి నాటును. ఆ సంవత్సరపు పంట ఆ దినముననే చిక్కులో పడినట్లు తెలియవలెను.

నారు చచ్చుట దైవికమని తలచుట పొరపాటు. మందులు చాలకపోవుట వలన చచ్చినదని తలచుటయు తరచుగా పొరపాటే. ఈ చావులో పెద్ద భాగము రెండు కారణముల వలన కలుగుచున్నది. ఒకటి, విత్తనము ఒత్తుగా చల్లుట; రెండవది, మడిని ఎల్లప్పుడును తడిగా నుంచుట. ఈ రెండును రైతు చేతిలోనివి. వీనిని సరిదిద్దుటకు ఖర్చు లేదు సరికదా, విత్తనమును నీరును మిగులును.

మిరపమొక్క స్వభావము

మిరప మన దేశమున పుట్టినది కాదు. దాని జన్మస్థానము అమెరికా ఖండము. 16వ శతాబ్దమున పోర్చుగీసు వర్తకుల మూలమున నది మన దేశమునకు వచ్చినది. అది వెచ్చని సీమల మొక్క యగుటచే, గింజ మొలచుటకు నేలలో వెచ్చదనము కావలెను. 25 మొదలు 30 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనమున గింజ బాగుగా మొలచును. 15 డిగ్రీలకు తగ్గిన యెడల మొలచుట దాదాపు నిలిచిపోవును.

మంచి వెచ్చదనమునందైనను మొలక పైకి వచ్చుటకు 7 మొదలు 10 దినములు పట్టును. గింజ పాతదైనచో రెండు వారములు కావచ్చును. జొన్నవలె, పెసరవలె మూడు నాలుగు దినములలో వచ్చునది కాదు. గింజ చిన్నది; అందలి ఆహారము స్వల్పము. కావున మొలక మెల్లగా పెరుగును. మొలచిన పిమ్మట రెండు మూడు వారముల వరకు కాడ లేతగా నుండును. ఇట్లు గింజ నేలలో పడినది మొదలు కాడ గట్టిపడు వరకు సుమారు నెల దినములు మొక్కకు అపాయకాలమని గ్రహింపవలెను.

నారుకుళ్ళు ఎట్లు కలుగును

నారుకుళ్ళు అనియు, కొన్ని చోట్ల మాగుడు అనియు చెప్పబడు తెగులు బూజును పోలిన సూక్ష్మజీవుల వలన కలుగును. వానిలో ముఖ్యమైనది పిథియం అను జాతి. ఇది ఎక్కడనుండియో మడిలోనికి వచ్చునది కాదు. దాదాపు ప్రతి నేలయందును కొంత యుండును. నేల ఆరి యున్నప్పుడు అది అణగి యుండును. నేల నీటితో నిండినప్పుడు దాని బీజములు వెలువడి, తోకలవంటి సన్నని పోగుల సాయమున నీటిలో ఈదుచు లేతవేరును, కాడ మొదటిని చేరును. మట్టిరేణువుల నడుమ నిలిచిన నీరే దానికి బాట. ఆ బాట ఆరిన యెడల దాని రాకపోకలు తగ్గిపోవును. మడికి నీరు ఎంత పోయవలెననుటకు ఆధారమంతయు నీ యొక్క సంగతిలో నున్నది.

తెగులు రెండు విధములుగా కనబడును. మొదటి విధమున గింజ మొలకెత్తుచుండగనే నేలలోపల కుళ్ళును. రైతునకు మొలక రాలేదని మాత్రము తెలియును; విత్తనము చెడ్డదని అమ్మిన వానిని నిందించును. రెండవ విధమున మొలచిన మొక్క నేలను తాకు చోట కాడ నీరుపట్టి, దారమువలె సన్నబడి, ఆకులు పచ్చగా నుండగనే ప్రక్కకు ఒరిగిపోవును. ఇది ముందుగా అరచేయి యంత మేర కనబడి, ముసురు పట్టిన యెడల రెండు మూడు దినములలో మడి యంతయు నాక్రమించును.

కాని మడిలో జరుగు ప్రతి నష్టమును నారుకుళ్ళు కాదు. మందు వేయకముందు రైతు మోకాళ్ళపై కూర్చుండి చేతితో మట్టి తీసి చూడవలెను. గింజ నేలలో కనబడనే కనబడదేని చీమలు కొనిపోయినవని తెలియవలెను. గింజ యుండి మెత్తబడి గోధుమరంగు తిరిగినచో కుళ్ళు. మొలక వంగి మట్టిపెళ్ళ క్రింద చిక్కుకొన్నచో, నేలపై అట్టగట్టుటయే కారణము. కాడ కత్తితో కోసినట్లు నేలమట్టమున తెగిపడినచో అది రాత్రివేళ తిరుగు పురుగు పని. ఆకులు ముందుగా వ్రేలాడి కాడ గట్టిగా నున్నచో నీరు చాలలేదని అర్థము. అట్టి మొక్క నీరు తగిలిన పిమ్మట తిరిగి నిలుచును. నారుకుళ్ళు సోకిన మొక్క మాత్రము నీరు పోసినను నిలువదు. ఒరిగిన నారును చూచి ఎండకు వాడినదనుకొని మరింత నీరు పోయుట పలుచోట్ల జరుగుచున్నది. ఇంతకంటె తెగులుకు సాయము మరొకటి లేదు.

ఒత్తు విత్తనము వలన కలుగు నష్టము

సూటి రకములకు సెంటు మడిలో, అనగా 40 చదరపు మీటర్లలో, 650 గ్రాముల విత్తనము చల్లుట ఎకరమునకు చాలునని విస్తారముగా ఆచరణలో నున్నది. దీనిని ఒకసారి లెక్కించి చూడవలెను. గ్రాము మిరపవిత్తనములో సుమారు 170 గింజలుండును. 650 గ్రాములలో లక్షా పదివేల గింజలు. 60 సెంటీమీటర్ల సాలునకు 60 సెంటీమీటర్ల ఎడముగా నొక్కొక్క మొక్క నాటినచో ఎకరమునకు కావలసిన నారు సుమారు 11,000. అనగా పది గింజలు విత్తి ఒక్క మొక్కను నాటుచున్నాము. తక్కిన తొమ్మిది గింజలు చావునకు ముందే ఒప్పుకొని యిచ్చిన వాటా వంటివి.

ఈ వాటా ఇచ్చుటచేత చావు తగ్గునా యనగా, తగ్గదు, పెరుగును. సెంటు మడిలో లక్ష గింజలు మొలచిన యెడల ఒక్కొక్క మొక్కకు నాలుగు చదరపు సెంటీమీటర్ల జాగా దొరకదు. ఆకులు ఒకదానిపై నొకటి కప్పుకొని గాలి ఆడదు. మొదళ్ళ వద్ద తడి ఆరదు. మొక్కలు వెలుతురుకొరకు పోటీపడి సన్నగా, పొడవుగా, పాలిపోయి పెరుగును. కాడలు తాకుచుండుటచే తెగులు ఒక మొక్కనుండి మరియొక మొక్కకు సులభముగా ప్రాకును. ఇట్లు చచ్చునను భయముచే ఎక్కువ విత్తుటయు, ఎక్కువ విత్తుటచే చచ్చుటయు జరుగుచున్నది. ఇంటి విత్తనము చవుకగా దొరకిన కాలమున ఈ నష్టము కంటికి కానరాలేదు. పది గ్రాముల పొట్లములుగా కొను సంకరవిత్తనమున నిది స్పష్టముగా కనబడుచున్నది.

దీనికి బదులు 80 చదరపు మీటర్ల మడిని, అనగా 2 సెంట్లను, ఏర్పరచుకొనవలెను. గుంటల లెక్కలో నిది గుంటను ఐదు భాగములు చేయగా నాలుగు భాగములు. మీటరు వెడల్పును 10 మీటర్ల పొడవును గల మడులు ఎనిమిది వచ్చును. మడికి అడ్డముగా 10 సెంటీమీటర్ల కొక గీత గీసి, గీతలో 2 సెంటీమీటర్ల కొక గింజ పడునట్లు విత్తవలెను. అట్లు చేసినచో మడికి 5,000 గింజలు, అనగా 30 గ్రాములు చాలును. ఎనిమిది మడులకు 240 గ్రాములు. ధ్రువీకరించిన మిరపవిత్తనమునకు నిర్ణయింపబడిన కనీసపు మొలకశాతము 60. ఆ ప్రకారము 40,000 గింజలలో 24,000 మొక్కలు వచ్చును. అందు సగము పోయినను ఎకరమునకు చాలిన నారు మిగులును. విత్తనము మూడవ వంతుకు తగ్గి, నారు రెట్టింపు బలముగా నుండును. సంకరవిత్తనమునకు ఇంతకంటెను తక్కువ, ఎకరమునకు 75 మొదలు 100 గ్రాములు, చాలును.

విత్తనము

గుంటూరు సమీపమున లాంలో నున్న పరిశోధనాస్థానమువారు విడుదల చేసిన ఎల్.సి.ఏ. 334 వంటి సూటి రకములకును, వరంగల్ ప్రాంతపు చపాటా వంటి దేశవాళీ రకములకును రైతు తన విత్తనము తానే ఉంచుకొనవచ్చును. సంకర రకపు కాయలనుండి విత్తనము ఉంచుకొనరాదు. వాని సంతతి తల్లిమొక్కను పోలక పలువిధములుగా విడిపోవును. విత్తనమునకు కాయలను కల్లములోని రాసి నుండి తీయుట తగదు. ముడత లేని, నిండుగా కాచిన మొక్కలను చేనిలోనే గుర్తుపెట్టి, ఇతర రకముల చేలకు దూరముగా నున్న భాగమునుండి, పూర్తిగా పండిన మచ్చలేని కాయలను ఏరవలెను. మచ్చ పడిన కాయలలోని గింజ కాయకుళ్ళును మరుసటి సంవత్సరమునకు మోసుకొనిపోవును.

విత్తుటకు మూడు వారములు ముందుగా మొలక పరీక్ష చేయుట అవసరము. 100 గింజలు లెక్కించి, తడిపి పిండిన గుడ్డలో పరచి చుట్టి, వెచ్చని చోట నుంచి, గుడ్డ ఆరకుండ చూచుచుండవలెను. 14వ దినమున మొలచిన వానిని లెక్కింపవలెను. 60కి తగ్గినచో విత్తనము మార్చుకొనుట మేలు. కొనిన విత్తనమునకు సైతము ఈ పరీక్ష చేసినచో, తరువాత మడిలో మొలక రానప్పుడు తప్పు విత్తనముదియో మడిదియో తేల్చుకొనుట సులభమగును. పొట్లమును, రసీదును పంట ముగియువరకు దాచియుంచవలెను.

ఇంటి విత్తనమునకు కిలోకు 3 గ్రాముల కాప్టాన్ గాని మాంకోజెబ్ గాని పట్టింపవలెను. అట్లు గాక ట్రైకోడెర్మా విరిడి అను మేలుచేయు బూజును కిలోకు 10 గ్రాముల వంతున పట్టించుటయు కలదు. ఈ రెండు పద్ధతులలో నొకదానినే అనుసరింపవలెను. మందు తగిలిన యెడల మేలుచేయు బూజు కూడ చచ్చును. రంగు పూసిన కంపెనీ విత్తనము ముందే మందు పట్టించినది. దానికి మరల పట్టింప పనిలేదు. అట్టి గింజలను పిల్లలకు, కోళ్ళకు అందకుండ నుంచవలెను.

మడి తయారు చేయుట

మడికి మెరకగా, చెట్టునీడ లేక, నీటివసతికి దగ్గరగా నుండు చోటు కావలెను. క్రిందటి సంవత్సరము మిరప, వంగ, టమాట, పొగాకు ఉండిన చోటు పనికిరాదు; ఇవి అన్నియు ఒకే కుటుంబపు మొక్కలగుటచే ఒకదాని తెగులు మరియొకదానికి అంటును. ఇంటి వెనుక సౌకర్యముగా నున్నదని ఏటేట అదే జాగాలో నారు పోయుట వలన తెగులు ఆ జాగాలో కాపురముండును.

వేసవిలో తీరికయున్నప్పుడు మడిజాగాను దున్ని, చదును చేసి, బాగుగా తడిపి, పలుచని పారదర్శకమైన పాలిథీన్ పట్టా కప్పి, అంచులను మట్టితో మూసి నాలుగు మొదలు ఆరు వారములు ఉంచవలెను. ఏప్రిల్, మే నెలల యెండకు పట్టా క్రింద నేల కాగి, పైపొరలోని తెగులు బీజములును, కలుపుగింజలును చాలవరకు నశించును. నల్లపట్టా దీనికి అంతగా పనిచేయదు. వెలుతురు లోనికి పోయి నేలను వేడిచేయవలెను గాని పట్టా మాత్రమే వేడెక్కిన ప్రయోజనము లేదు. ఇట్లు కాచిన నేలను పిమ్మట లోతుగా త్రవ్వినచో క్రింది మట్టి పైకి వచ్చి పడిన పాటు వృథా యగును.

మడిని చుట్టునున్న నేలకంటె 15 సెంటీమీటర్లు ఎత్తు చేయవలెను. వెడల్పు మీటరునకు మించరాదు. మించినచో నడుమ కలుపు తీయుటకు మడిలో కాలు పెట్టవలసివచ్చును. మడులమధ్య కాలువలుంచి, వాననీరు నిలువక బయటికి పోవునట్లు వాలు చూచుకొనవలెను. 10 మీటర్ల మడికి 20 మొదలు 30 కిలోల బాగుగా మాగిన పశువులయెరువు కలుపవలెను. పచ్చిపేడ, సగము మాగిన దిబ్బయెరువు పనికిరావు. 90 కిలోల మాగిన యెరువునకు 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీళ్ళు చల్లి, నీడలో వారము పది దినములు గోనెపట్టా కప్పియుంచి, ఆ యెరువును మడులకు వేయుట ఇంకను మంచిది. యూరియా వేయుట మాత్రము తగదు. దానివలన నారు త్వరగా పచ్చబడి కంటికి ఇంపుగా నుండును గాని కాడ మెత్తబడి తెగులునకు లోనగును.

విత్తుట

గీత లోతు ఒక సెంటీమీటరునకు మించరాదు. లోతుగా పడిన గింజలోని స్వల్పాహారము మొలక పైకి రాకముందే తీరిపోవును. గింజలను వాని కెన్నియో రెట్లు సన్నని ఇసుకతో కలిపి విత్తినచో ఎడము సమముగా వచ్చును. పైన ఇసుకయు, జల్లెడపట్టిన యెరువును కలిపి పలుచగా కప్పవలెను. బంకమట్టితో కప్పిన యెడల అట్టగట్టును. దానిపై వరిగడ్డి పలుచగా పరచి, గడ్డిమీదుగానే నీరు చల్లవలెను. మడిచుట్టు చీమల పుట్టలున్నచో ముందే తొలగింపవలెను.

ఏడవ దినము మొదలు ప్రతి ఉదయము గడ్డి నెత్తి చూడవలెను. అక్కడక్కడ మొలకలు వంగి కనబడిన దినమున సాయంకాలమే గడ్డి తీయవలెను. అన్నియు మొలచువరకు ఆగుదమని రెండు దినములు జాగు చేసినచో, ముందు మొలచినవి చీకటిలో తెల్లబడి సాగిపోవును, గడ్డితోపాటు పెరికివేయబడును. మిట్టమధ్యాహ్నము గడ్డి తీయుట కూడ తగదు.

నీరు

ఇంతవరకు చెప్పిన జాగ్రత్తలన్నియు నీటి విషయమున తప్పినచో నిష్ఫలములగును. మొలక వచ్చువరకు మడిపైపొర ఆరరాదు. ఉదయము సాయంకాలము కొద్దికొద్దిగా చల్లవలెను. మొలచిన పిమ్మట ఈ పద్ధతిని మార్చవలెను. అనేకులు దీనిని మార్చకయే నారు పోగొట్టుకొనుచున్నారు. మొలచిన నారుకు నీరు ఉదయమునందే పోయవలెను. పగటి యెండకు ఆకులును పైమట్టియు ఆరి, రాత్రికి మొదళ్ళు పొడిగా నుండవలెను. సాయంకాలము పోసిన నీరు రాత్రి యంతయు తెగులు బీజములకు బాట వేసినట్లగును.

నీరు కావలెనా లేదా యనుటకు దినముల లెక్క పనికిరాదు. వ్రేలు మొదటి కణుపువరకు మట్టిలో గ్రుచ్చి చూడవలెను. మట్టి వ్రేలికి చల్లగా తగిలి అంటుకొన్నచో ఆ దినము నీరు వద్దు. పొడిగా రాలిపోయినచో పోయవలెను. పోసినప్పుడు వేరుదాక తడియునట్లు పోసి, పిమ్మట పైన ఆరనీయవలెను. పూటపూటకు పైపైన చిలకరించుట కూడదు. సన్న చిల్లుల మూతిగల డబ్బాతో పోయవలెను గాని బిందెతో కుమ్మరించుట, కాలువ నీరు మడిపైకి పారించుట తగవు. కుమ్మరించిన నీరు మట్టిని చిమ్మి కాడలకు అంటించును. పారిన నీరు ఒక మడి తెగులును తక్కిన మడులకు మోయును.

ముసురు పట్టినప్పుడు నీరు పూర్తిగా ఆపవలెను. పెద్దవాన కురియునప్పుడు మడిపై వెదురుబద్దలు వంచి పాలిథీన్ పట్టా కప్పి, వాన నిలిచిన వెంటనే తీసివేయవలెను. కప్పిన పట్టాను మరచి రాత్రియంతయు ఉంచినచో లోపల ఆవిరి పట్టి, వానకంటె నెక్కువ హాని కలుగును.

మందు వాడుక

లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, విత్తిన 9వ దినమునను 13వ దినమునను నేల తడియునట్లు పోయుట రక్షణకు అనుసరింపబడుచున్న పద్ధతి. ట్రైకోడెర్మా కలిపిన మడికి రాగిమందు పోయరాదని మరువవలదు. తెగులు కనబడి పోయక తప్పనప్పుడు ఆ మేలుబూజు పని ముగిసినదని తలచుకొనవలెను. మందు ఒరిగిన మొక్కను లేపదు. ప్రక్కనున్న మంచి మొక్కకు కంచెవలె మాత్రము పనిచేయును. కావున తెగులు కనబడిన చోట ముందుగా ఒరిగిన మొక్కలను, వాని చుట్టు జానెడు మేర బాగుగా నున్న వానిని సహితము, మట్టితో కూడ తీసివేసి దూరముగా పూడ్చవలెను. దిబ్బలోను కాలువలోను వేయరాదు. పిమ్మట ఆ చోటును, దాని చుట్టును మందునీటితో తడిపి, రెండు దినములు నీరు ఆపవలెను.

ముడతను తెచ్చు పురుగులు

నారుమడి దాటిన పిమ్మట కనబడు ముడతకు మూలము తరచుగా మడిలోనే యుండును. తామరపురుగుల వలన ఆకు పైకి ముడుచుకొనును. నల్లివలన క్రిందికి ముడుచుకొనును. తెల్లదోమ ఆకుముడత వైరసును మోసుకొనివచ్చును. మడిలో వైరసు సోకిన మొక్క చేనిలో కాపునకు వచ్చుట కల్ల. దానికి మందును లేదు. 2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల మిరపచేలపై విదేశమునుండి వచ్చిన నల్లతామరపురుగు విరుచుకుపడి, పూవులలో చేరి పంటను పాడుచేసిన సంగతి రైతులకు తెలిసినదే. లేతనారును పురుగునుండి కాపాడుట నాటినుండి మరింత అవసరమైనది.

ఇందుకు చవుకయైన సాధనము సన్నరంధ్రముల నైలాను వల. అంగుళమునకు 40 మొదలు 50 కన్నులు గల వలను మడిపై వంచిన బద్దలమీద కప్పి, అంచులు మట్టితో మూయవలెను. వల లోపల గాలి కొంత తగ్గును గనుక పలుచగా విత్తుట, మితముగా నీరు పోయుట ఇచ్చట మరింత అవసరము. ముడత పడిన మొక్కను చూచినవెంటనే పెరికివేయవలెను.

ప్రోట్రేలలో నారు, చలికాలపు నారు

సంకరవిత్తనమును 98 గుంతలు గల ప్రోట్రేలలో, కొబ్బరిపొట్టు నింపి, గుంతకొక గింజ వంతున పెంచుట ఇప్పుడు వ్యాపించినది. ఎకరమునకు 11,000 నారు కావలెనన్నచో నష్టము లెక్కించి 130 ట్రేలు వేసుకొనవలెను. ఒక్కొక్క వేరు వేరుగా నుండుటచే తెగులు ప్రాకుట తగ్గును. నాటునప్పుడు వేరు తెగదు. కొబ్బరిపొట్టులో ఉప్పు మిగిలియుండవచ్చును గనుక మంచినీటితో కడిగిన దానినే వాడవలెను. ట్రేలను నేలపై నుంచక, బల్లలమీద గాని ఇటుకలపై గాని ఎత్తుగా నుంచినచో అడుగు చిల్లులనుండి నీరు జారి గాలి ఆడును. గింజ మొలచువరకు ట్రేలను ఒకదానిపై నొకటి పేర్చి పట్టా కప్పవచ్చును; మొదటి మొలక కనబడిన వెంటనే విడదీసి వెలుతురులో పరచవలెను. ఇంటి వసారాలో చీకటిచోట నుంచిన నారు సాగి పడిపోవును.

కార్తీక మార్గశిర మాసములలో నారు పోయువారికి చలి యొక చిక్కు. ఆదిలాబాదు వంటి ప్రాంతములలో రాత్రి చలికి గింజ వారములకొలది నేలలో నిలిచి కుళ్ళును. అట్టివారు గింజలను తడిగుడ్డలో మూటగట్టి, వంటయింటిలో పొయ్యికి ఎడముగా వెచ్చని మూల నుంచి, మొలకముక్కు తెల్లగా కనబడగనే విత్తినచో అపాయకాలము తగ్గును. మొలక పొడవు సాగువరకు ఆగినచో విత్తునప్పుడు విరుగును.

నాటుటకు ముందు

మడిలోని నారు సుమారు ఆరు వారములకు 10 మొదలు 15 సెంటీమీటర్ల ఎత్తు పెరిగి నాటుటకు తగియుండును. నాటుటకు వారము ముందునుండి నీరు తగ్గించి, వల తీసి, యెండకు గాలికి అలవాటు చేయవలెను. కాడ గట్టిపడిన మొక్క చేనిలో త్వరగా నిలద్రొక్కుకొనును. పెరుకు దినమున ఉదయము మడిని తడిపి, వేరు తెగకుండ తీయవలెను. సన్నగా సాగినవానిని, మొదటివద్ద నల్లగీత గలవానిని, ముడత పడినవానిని ఏరి పారవేయవలెను. సాయంకాలము నాటుట మేలు. మిగిలిన మంచినారులో కొంత భాగమును పదిదినములు మడిలోనే యుంచినచో చేనిలో చచ్చిన గుంతలను నింపుటకు పనికివచ్చును.

బయట నారు కొనవలసివచ్చినచో పచ్చదనమునకు మోసపోరాదు. ట్రేనుండి ఒక మొక్కను తీసి వేరు చూడవలెను. వేరు తెల్లగా, దండిగా నుండి, కాడ పొట్టిగా గట్టిగా నుండవలెను. విత్తిన తేదీని, రకపు పేరును వ్రాయించుకొని రసీదు తీసికొనవలెను.

ముగింపు

నారుమడి పని బలము కోరునది కాదు, కన్ను కోరునది. చేను విస్తారముగా గల పట్టాదారు దానిని చిన్నపనిగా నెంచి పనివారికి విడిచిపెట్టుట వాడుక. పనివాడు నీరు పోయుమన్న పోయును. పోయవలదను దినమేదో నిర్ణయించుట యజమాని పని. ఉదయము పావుగంట, సాయంకాలము పావుగంట తానే మడివద్దకు పోయి, గడ్డి నెత్తి, వ్రేలు మట్టిలో గ్రుచ్చి, మొదళ్ళు చూచినచో చాలును. విత్తిన తేదీ, విత్తిన గ్రాములు, మొలచిన దినము, నాటిన నారు సంఖ్య ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. రెండు సంవత్సరముల లెక్క ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ఎంత విత్తనము పంటకు పోయినదో, ఎంత చావునకు పోయినదో రైతునకే తెలియును. పలుచని మడి, ఆరిన మొదలు, ప్రతిదినపు చూపు ఈ మూడును గల రైతునకు ఆ రెండవ లెక్క ఏటేట తగ్గుచుండును.